పడవ పందెం చూసే జనానికి చోటెక్కడ? గోపాలపూర్, రంభ, సునాపూర్‌లలో ఏది నయం

ఒడిశాలోని గంజాం జిల్లాలో పడవ పందెం పెడదామని ఎవరైనా అనగానే ముందు పడవల గురించి, తర్వాత మొదటి బహుమతి గురించి, ఆ తర్వాత ముఖ్య అతిథి గురించి మాటలు సాగుతాయి. చూడ్డానికి వచ్చే జనం ఎక్కడ నిలబడతారన్న సంగతి ఆఖరి వారంలో, అదీ పోలీసులు అడిగితే గుర్తొస్తుంది. ఈ వరస తిరగెయ్యాలి. నీళ్లకు మనకేం కొదవ లేదు. సముద్రం ఉంది, చిలికా ఉంది, ఏటి మొగలున్నాయి. కొదవల్లా గట్టుకే. ఎంతమంది నిలబడి, నీళ్లు కంటికి కనబడుతూ, తోపులాట లేకుండా చూడగలరో లెక్క కట్టుకుని, అంతమందికి సరిపడానే చాటింపు వెయ్యాలి. చోటు ఎంచుకోవడం, ప్రచారం ఎంచుకోవడం రెండు వేర్వేరు పనులని కమిటీలు అనుకుంటాయి. నా లెక్కలో రెండూ ఒకటే.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. పడవ పందెం అనగానే అందరికీ కేరళలోని అలప్పుళ గుర్తొస్తుంది. 1952లో నెహ్రూ వచ్చి చూసి వెళ్లాక మొదలైన ఆ ట్రోఫీ పందేన్ని టికెట్లు, గ్యాలరీలతో సహా ఇక్కడ దింపుదామని చూస్తారు. అది కుదరదు. అక్కడి చుండన్ వళ్లం అనే పొడుగాటి పడవలో వంద మంది దాకా కూర్చుని తెడ్లు వేస్తారు, ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. మన పందెంలో నలుగురో ఆరుగురో ఎక్కే పడవలుంటాయి. క్లబ్బుల పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ అనే తెరచాప పడవైతే పొడవు 2.3 మీటర్లే. అర కిలోమీటరు అవతల అది అగ్గిపెట్టెలా ఉంటుంది. చిన్న పడవల పందెం దగ్గర నుంచి చూస్తేనే పందెం. ఆత్రేయపురంలో ఈమధ్య సంక్రాంతికి పెడుతున్న పందేలు జనానికి నచ్చాయంటే అక్కడుంది కాలువ. రెండు గట్లూ దగ్గరే, పడవ ముక్కు ముందే దాటిపోతుంది. మనకు అలాంటి కాలువ లేదు కాబట్టి ఉన్న మూడు చోట్లలోనే చూసుకోవాలి.

గోపాలపూర్

బరంపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. ఆటోలు, బస్సులు, లాడ్జీలు, తినడానికి బళ్లు అన్నీ ఉన్నాయి. ఆదివారం సాయంత్రం ఏమీ లేకపోయినా జనం ఉంటారు. తెలుగు మాట్లాడే మత్స్యకార పేటలు పక్కనే ఉన్నాయి, పడవలకూ మనుషులకూ వెతుక్కోనక్కర్లేదు. ఇసుక ఎంత దూరమైనా ఉంది. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది.

అసలు చిక్కు అలలతో. ఒడ్డు దగ్గరే అలలు విరుగుతాయి కాబట్టి పందెం గీత వాటికి అవతల, రెండు మూడు వందల మీటర్ల దూరంలో పెట్టాలి. చదునైన ఇసుక మీద రెండో వరసలో ఉన్నవాడికి ముందువాడి తల తప్ప ఏమీ కనబడదు. కనబడకపోతే ముందుకు జరుగుతాడు. అతని వెనకాల ఉన్నవాడూ జరుగుతాడు. పదిహేను నిమిషాల్లో ముందు వరస మోకాళ్ల లోతు నీళ్లలో ఉంటుంది, అందులో పిల్లలుంటారు. బీచికి గేటంటూ ఉండదు కాబట్టి లెక్కపెట్టి లోపలికి పంపడం జరిగే పని కాదు. ఈ తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. పొద్దున్న పందెం పెడితే ఎండ కళ్లలో కొడుతుంది, ఫోటోల్లో పడవలు నల్లగా పడతాయి. సాయంత్రం ఎండ వీపు వైపు ఉంటుంది గానీ అప్పటికి గాలి, అలలు రెండూ పెరుగుతాయి.

ఇంకొకటి, దగ్గరలోని గోళాబంధలో సైన్యం వాళ్ల ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. సముద్రం వైపు కాల్పుల సాధన ఉన్న రోజుల్లో వేటకు వెళ్లొద్దని ముందుగా హెచ్చరిస్తారు. తేదీ ఖాయం చేసే ముందు ఆ విషయం కనుక్కోవాలి. డ్రోన్ ఎగరెయ్యాలనుకుంటే మరీ జాగ్రత్త.

అయినా గోపాలపూరే కావాలంటే పందెం తీరు మార్చండి. దూరంగా సాగే సూటి పందెం వద్దు. పడవ ఇసుక మీద నుంచే బయలుదేరాలి, అల చూసుకుని తోసి ఎక్కాలి, విరిగే అలలు దాటాలి, అక్కడ నీళ్ల మీద తేలేలా కట్టిన గుర్తును చుట్టి మళ్లీ ఒడ్డెక్కాలి. ఒకడు దూకి పరుగెత్తి ఇసుకలో పాతిన జెండా పీకితే గెలిచినట్టు. ఇక్కడి సరంగుల నేర్పంతా ఆ తోసే క్షణంలోనే ఉంటుంది. రెండు చిన్న అలలు వదిలేసి, పెద్దది విరిగిన వెంటనే నలుగురూ ఒకే ఊపున భుజాలు ఆనించి తోస్తారు. ఒక్క అడుగు తేడా వచ్చినా పడవ అడ్డం తిరుగుతుంది. అది చూడ్డానికి జనం గంటలు నిలబడతారు, పైగా అంతా కళ్ల ముందే జరుగుతుంది. రోజంతా నడిచే పోటీకి ఇది పనికిరాదు గానీ, రెండు గంటల సాయంత్రం వినోదానికి ఇంతకు మించింది లేదు.

రంభ

చిలికాకు దక్షిణపు కొస. నీళ్లు లోతు తక్కువ, అలలు లేవు, వెనక కొండలు, ఎదురుగా చిన్న చిన్న దీవులు. పర్యాటక శాఖ వారి పంథనివాస్ అతిథి గృహం, బోట్ల జెట్టీ ఉన్నాయి. బరంపురం నుంచి జాతీయ రహదారి మీద గంట ప్రయాణం, రైలు స్టేషన్ కూడా ఉంది. తెరచాప పందేలకైనా తెడ్ల పందేలకైనా నా ఓటు దీనికే.

రంభలో కొరత చోటే. చదునైన మంచి గట్టు తక్కువ, రహదారి నుంచి నీటి దాకా వెళ్లే దారులు ఇరుకు. అందుకే ఇక్కడ టేపు పట్టుకుని లెక్క వెయ్యాలి. మనిషికి భుజం వెడల్పు అర మీటరు అనుకుంటే వంద మీటర్ల గట్టున ఒక వరసకు రెండు వందల మంది. చదును నేల మీద నాలుగు వరసలు దాటితే వెనకవాళ్లకు కనబడదు. మొదటి వరస టార్పాలిన్ మీద కూర్చోవాలి, రెండోది బల్లల మీద, మూడోది నిలబడాలి, నాలుగోది ఓ అడుగు ఎత్తు చెక్క మీద నిలబడాలి. అంటే వంద మీటర్లకు ఎనిమిది వందల మంది. నూట యాభై మీటర్లు దొరికితే పన్నెండు వందలు. గట్టు వాలుగా ఉంటే ఇంకో రెండు వరసలు కలుస్తాయి. ఇదే మీ పరిమితి. పడవల వాళ్ల ఇంటిల్లిపాదీ, స్కూలు పిల్లలు, ఊళ్లోవాళ్లు కలిసి అందులో సగం ఎలాగూ నిండుతుంది. బయటి జనానికి మిగిలేది ఆరు వందలే అయితే బరంపురమంతా ఫ్లెక్సీలు కట్టడంలో అర్థం లేదు.

జెట్టీ మీదకు మాత్రం చూసేవాళ్లను ఎక్కనివ్వకండి. అక్కణ్ణుంచి బాగా కనబడుతుంది కాబట్టే అందరూ అటే పోతారు. 2025 జూన్ 15న పుణె దగ్గర ఇంద్రాయణి నది మీది పాత ఇనుప వంతెన సందర్శకులతో నిండి ఉండగా కూలి నలుగురు పోయారు. జెట్టీ పడవ ఎక్కి దిగడానికి కట్టింది, గ్యాలరీ కాదు. దాని మొదట్లో ఇద్దరు గట్టివాళ్లను నిలబెట్టండి. మొహమాటపడే కుర్రాళ్లు ఈ పనికి పనికిరారు.

చిలికా 1981 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ గుర్తింపు ఉన్నది. చలికాలంలో వలస పక్షులు వచ్చే నలబణ దీవి రంభకు ఉత్తరంగా దూరంలోనే ఉంది. అయినా చిలికా అభివృద్ధి సంస్థకు, అటవీ శాఖకు ముందుగా కాగితం పెట్టాలి. డీజే, బాణసంచా ఊసు ఆ కాగితంలోనూ వద్దు, మైదానంలోనూ వద్దు. నిజానికి డీజే లేకపోవడం లాభమే. వ్యాఖ్యాత మాట వినబడుతుంది.

సునాపూర్

బాహుదా మొగ దగ్గర నీళ్లు చక్కగా ఉంటాయి, ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి జనం తేలిగ్గా వస్తారు. కానీ మొగలో ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, పాటు సమయంలో నీరు సముద్రంలోకి లాగుతుంది. అంబులెన్స్ రావడానికి, పోవడానికి దారి చూసుకోవాలి. సరిహద్దు కాబట్టి అటు పోలీసులకూ ఇటు పోలీసులకూ చెప్పాలి. ఊరి పండగ స్థాయిలో, మూడు నాలుగు వందల మందితో చేసుకుంటే సరదాగా ఉంటుంది. అంతకు మించి నేను సలహా ఇవ్వను.

ఎప్పుడు

కార్తీక పౌర్ణమికి ఒడియా ఇళ్లల్లో తెల్లవారుజామునే బొయితో బందాణ చేస్తారు, కాగితం పడవలు, అరటి దొప్పల పడవలు నీళ్లలో వదులుతారు. మన ఇళ్లల్లో అదే రోజు దొప్పల్లో దీపాలు వదులుతారు. పడవ పందేనికి ఇంతకన్నా మంచి ముడి దొరకదు, పోస్టరు మీద రెండు భాషల వాళ్లకూ ఒకే బొమ్మ సరిపోతుంది. అలాగని సరిగ్గా అదే రోజు పెట్టకండి. పొద్దున్నే రేవులన్నీ నిండుతాయి, పోలీసులకూ ఊపిరాడదు. ఆ తర్వాత వచ్చే ఆదివారం మేలు. అక్టోబరు మాత్రం వద్దేవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు వచ్చింది. ఆ నెలలో తేదీ వేసి ఆకాశం చూస్తూ కూర్చోవడం టెన్షన్.

సంక్రాంతికి చిలికాలో కాళిజాయి జాతర ఉంటుంది, బోట్లన్నీ అటే తిరుగుతాయి. జనవరి చివర్లో రంభ ఖాళీగా ఉంటుంది, చలి పోయి గాలి మెత్తగా ఉంటుంది. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి గోపాలపూర్‌లో మనుషులు దొరుకుతారు. కానీ ఎండ, ఈదురు గాలులు, పెద్ద అలలు కూడా అప్పుడే. ఋషికుల్య మొగ వైపు తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే చివరి దాకా సముద్రంలో వేటపై ఆంక్షలుంటాయి. పందెం వేట కాకపోయినా ఇంజను బోటు దింపే ముందు అడగడం మంచిది.

జనాన్ని ఎలా చూడనివ్వాలి

నాలుగు దారులున్నాయి. అందరికీ ఉచితంగా గట్టు, డబ్బిచ్చినవాళ్లకు కుర్చీ, నీళ్ల మీద చూసే బోటు, లేదా పెద్ద వీడియో తెర.

మొదటి రెండూ కలిపి పెట్టండి. నిలబడే చోటుకు డబ్బు అడిగితే ఊరివాళ్లే ఎదురు తిరుగుతారు. వాళ్ల గట్టు మీద వాళ్లకే టికెట్టా అంటారు, అందులో తప్పు లేదు. నీడ ఉన్న కుర్చీకి, ముగింపు గీతకు ఎదురుగా ఉంటే, యాభయ్యో వందో ఇవ్వడానికి ఎవరూ సణగరు. కుర్చీలు వందకు మించితే వాటి వెనక ఉన్నవాళ్లకు కనబడదు, గొడవ అక్కడ మొదలవుతుంది. ఉచిత చోటుకు కూడా రంగు పట్టీయో స్టాంపో వెయ్యండి. పరిమితి నిండిందని తెలుసుకోవడానికి అంతకన్నా చవక పద్ధతి లేదు. నిండాక వచ్చినవాళ్లను తిప్పి పంపకుండా రెండో విడత పందేలకు టైము చెప్పి పంపాలి. అందుకే పందేలను పొద్దున్న ఒక విడత, మధ్యాహ్నం ఒక విడతగా విడగొట్టాలి.

చూసేవాళ్ల బోట్లంటే నాకు పడదు. చాప పడవకు ఇంజను బోటు లేపే అల తగిలితే వేగం చచ్చిపోతుంది, పెద్ద బోటు గాలికి అడ్డం నిలిస్తే చాప వాలిపోతుంది. ఓడినవాడు ఆ బోటు మీదకే గొడవకు వస్తాడు. అన్నిటికన్నా పెద్ద మాట, ఒక పక్కన పడవ బోల్తా పడితే చూసేవాళ్లందరూ బోటులో అటు వైపుకే ఒరుగుతారు. తప్పదంటే ఒకటి రెండు పెట్టండి. రిజిస్ట్రేషన్, సర్వే ఉన్న బోటు, 2021 నాటి అంతర్గత నౌకల చట్టం ప్రకారం కాగితాలు చూసి, అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, పందెం దారికి గాలివాటు వైపున లంగరు వేసి నిలబెట్టాలి. వెనకా ముందూ తిరగకూడదు. ఆ డబ్బు రక్షణ బోట్ల మీద పెడితే ఇంకా నయం. ఆరేడు చిన్న పడవలకు ఒక రక్షణ బోటు, అందులో ఈత వచ్చిన ఇద్దరు పేట కుర్రాళ్లు, వాళ్లకు రోజు కూలి. ఊరికే రమ్మంటే మధ్యాహ్నం భోజనానికి వెళ్లిపోతారు.

తెర గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండలో కనబడదు, అద్దె దండగ. వ్యాఖ్యాతను మంచివాణ్ణి పెట్టుకోండి.

చాప పందేలకు వ్యాఖ్యాత ప్రాణం. తెడ్ల పందెంలో ముందున్నది ఎవరో పసిపిల్లాడికీ తెలుస్తుంది. చాప పడవ ఎదురుగాలికి సూటిగా పోలేదు, అటు కొంత ఇటు కొంత ఓరగా కొట్టుకుంటూ పైకి పోవాలి. రెండు పడవలు రెండు వైపులకు విడిపోతే ఎవరు ముందో గట్టు మీదివాళ్లకు అర్థం కాదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో ట్యాంక్ బండ్ మీద ఆగి చూసే జనానికీ ఇదే ఇబ్బంది, రంగురంగుల చాపలు బాగున్నాయని ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. కాబట్టి ఆఖరి మలుపు గాలివాటున, గట్టు వైపు వచ్చేలా దారి వేయించండి. ముగింపు గీత ఒక కొస ఒడ్డునే ఉండాలి. పడవకు రెండు వైపులా అడుగు ఎత్తు అంకె, ఊరికో రంగు. ఒక్కో పందెం ఇరవై నిమిషాలు దాటకూడదు. వ్యాఖ్యాత ఒక మాట తెలుగులో, ఒక మాట ఒడియాలో చెప్పగలగాలి, అన్నిటికీ మించి పడవ నడిపినవాడై ఉండాలి.

గట్టు మీద కట్టుదిట్టాలు పెద్ద ఖర్చేమీ కాదు. నీటి అంచుకు మూడు మీటర్లు వదిలి సరుగుడు కర్రలు పాతి మోకు లాగండి. లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి. 2025 నవంబరు 1న కాశీబుగ్గ గుడిలో కార్తీక ఏకాదశి తొక్కిసలాట మన జిల్లా పక్కనే జరిగింది, రావడానికీ పోవడానికీ ఒకటే దారి కావడం అక్కడ పెద్ద లోపం. ఆ గుడి గురించి మాట్లాడుకున్నవాళ్లే తమ పందెం దగ్గర రెండో దారికి అడ్డంగా చాట్ బండి పెట్టనిస్తే ఏం లాభం? బహుమతులిచ్చే వేదికను ముగింపు గీతకు, బయటి దారికి దూరంగా పెట్టండి. జనం ఒక్కసారిగా కదిలేది ఆ పావుగంటలోనే.

చాటింపు

ఫ్లెక్సీ, మైకు ఆటో, వాట్సాప్, ఇన్‌స్టా రీల్స్, స్థానిక కేబుల్, పేపరు. అన్నిటికీ తలా కొంత పంచేస్తారు, దేనికీ ఫలితం ఉండదు. రంభలో పన్నెండు వందల మందికి పెడితే నేనైతే మైకు ఆటోను చుట్టుపక్కల ఊళ్లల్లోనే రెండు రోజులు తిప్పుతాను, మిగతాదంతా వాట్సాప్. పేటల సంఘాల గ్రూపుల్లో ఏ ఊరి పడవ పోటీ పడుతోందో, నడిపేదెవరో వాళ్ల ఊరి పేరుతో పెట్టాలి. జనాన్ని లాగేది బహుమతి సొమ్ము కాదు, పక్క ఊరి మీద గెలవాలన్న పట్టుదల. రీల్స్ ముందు వద్దు, పందెం అయ్యాక పెట్టండి. ముందే వైరల్ అయితే గట్టు చాలదు. వచ్చే ఏడాది స్పాన్సర్‌కు చూపించడానికి ఆ వీడియోలే పనికొస్తాయి.

గోపాలపూర్‌లో లెక్క వేరు. అక్కడికి జనం ఎలాగూ వస్తారు. ప్రచారానికి ఖర్చు పెట్టడం కంటే ఎక్కడ నిలబడాలో, బళ్లు ఎక్కడ ఆపాలో చెప్పే బోర్డులకు పెట్టాలి. రంభలో కూడా బళ్ల మాట పోస్టరు మీదే ఉండాలి. రహదారి పక్కన బండి ఆపొద్దు, ఫలానా మైదానంలో ఆపండి, అక్కణ్ణుంచి నడక ఇంత దూరం అని. పోస్టరు తెలుగు, ఒడియా రెండింటిలో, ఒకే కాగితం మీద. వేర్వేరుగా వేస్తే ఒక భాషలో టైము మారి ఇంకో దాంట్లో మారదు. గెలిచినవాళ్ల పేర్లు, ఒక మంచి ఫోటో గంటలోపు విలేకరుల చేతిలో పడాలి. మర్నాడు పంపితే రెండు లైన్లు కూడా రావు.

డబ్బు చాలకపోతే దేన్ని తగ్గించాలని అడుగుతారు. ముందు ఫ్లెక్సీలు, తర్వాత శాలువాలు, ఆ తర్వాత ముఖ్య అతిథి షామియానా, చివరికి మొదటి బహుమతి కూడా. మోకు, రెండో దారి, రక్షణ బోటు, తాగే నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి మీద రూపాయి కూడా తగ్గించకండి. వాటికీ చాలకపోతే ఆ ఏడాది పందెం ఊరివాళ్ల వరకే పెట్టుకుని, చాటింపు మానెయ్యండి.